ప్రవాసి రూపాయి, ఊరి అప్పు: పీటూపీ వేదికల చర్చలో తేలినవి, తేలనివి

విదేశంలో ఉంటున్నవాళ్ళు తమ డబ్బును ఇండియాలో ముక్కూమొహం తెలియని మనిషికి, ఒక యాప్ మధ్యవర్తిగా, వడ్డీకి ఇవ్వవచ్చా? ఇస్తే అసలు చేతికొస్తుందా? మొదటిది చట్టానికి సంబంధించిన ప్రశ్న. రెండోది నష్టభయానికి సంబంధించినది. పదేళ్ళుగా ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే పీర్ టు పీర్ లెండింగ్, పొట్టిగా పీటూపీ, మీద చర్చ చిక్కుపడింది. వేదికలవాళ్ళు వడ్డీ శాతం గురించి చెబుతారు. ఆడిటర్లు ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, గురించి చెబుతారు. మోసపోయినవాళ్ళు పోలీసు స్టేషన్ల గురించి చెబుతారు. ముగ్గురి మాటలూ ఒకే సంచికలో పక్కపక్కనే కనిపించడం అరుదు.

పెన్న సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన ఉన్న విడవలూరు మండలాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ సమీక్ష సాగుతుంది. దానికి కారణం ఉంది. వరి మాగాణి, రొయ్యల గుంటలు, కౌలు రైతులు, గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్ళిన కుటుంబాలు అన్నీ ఉన్న కోస్తా నేల ఇది. అప్పు అవసరమైనవాళ్ళూ, అప్పివ్వగల ప్రవాసులూ ఒకే ఊరివాళ్ళయినప్పుడు ఈ వేదికలు వాళ్ళను నిజంగా కలుపుతున్నాయా అన్నదే అసలు పరీక్ష.

వేదికలు రాకముందు

మనిషికి మనిషి అప్పివ్వడం నెల్లూరు కోస్తాకు ఏ యాప్ నేర్పిన విద్యా కాదు. ప్రామిసరీ నోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ఇద్దరు సాక్షుల సంతకాలు: ఇదే ఇక్కడి వేదిక. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి, ఆ లోపు ఎంతో కొంత కట్టించి నోటు వెనక చెల్లు రాయించుకుంటారు, లేదా నోటు తిరగరాయించుకుంటారు. అప్పిచ్చినవాడికి ఉన్న రక్షణ కాగితంలో సగం, ఊళ్ళో పరువులో సగం.

ఈ వడ్డీకి చట్టం కళ్ళెం వెయ్యడమూ కొత్త కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చి, రైతు కొత్తగా తీసుకునే అప్పుపై వడ్డీని ఏడాదికి ఆరుంబావు శాతానికి పరిమితం చేసింది. రూపాయికి నెలకు ఒక పై, అంటే పాత లెక్కలో రూపాయిలో 192వ వంతు. చట్టం ఆరుంబావు అన్నా ఊళ్ళో వాడుక ఇరవై నాలుగు దగ్గరే నిలిచింది. పీటూపీ వేదికల వడ్డీ రేట్లు చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి.

1990 ప్రాంతంలో టైగర్ రొయ్య వచ్చాక అప్పు మరో దారి పట్టింది. గుంట తవ్వకానికి, పిల్లకు, మేతకు ఒక్కసారిగా లక్షలు కావాలి. మేత డీలర్ అరువు మీద మేత వేస్తాడు, పట్టుబడి రోజున సరుకు డబ్బులోంచి మినహాయించుకుంటాడు. వడ్డీ విడిగా రాయడు, అరువు ధరలోనే కలుపుతాడు. 1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ తెగులు గుంటలను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2009 తర్వాత వెనామీ రకం వచ్చి సాగును మళ్ళీ నిలబెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు గుంట గట్టు మీదే ధర కూలింది. అంటే ఇక్కడి రైతు అప్పు తీర్చగలడా లేదా అన్నది అతని నిజాయితీ మీద ఎంత ఆధారపడుతుందో, తెగులు మీదా వాషింగ్టన్ నిర్ణయం మీదా అంతే ఆధారపడుతుంది. క్రెడిట్ స్కోరు ఈ సంగతి చెప్పదు.

ఇదే జిల్లాలో మరో సంప్రదాయమూ పుట్టింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం వెనకే, రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు నెల్లూరు పల్లెల్లో పెరిగాయి. రాష్ట్రమంతా విస్తరించిన స్వయం సహాయక సంఘాలకు, పావలా వడ్డీ పథకానికి, 2011లో వచ్చిన సహకార రుణ సంస్థ స్త్రీనిధికి ఈ సంఘాలే పూర్వరంగం. సాటివాళ్ళు సాటివాళ్ళకు అప్పివ్వడం అన్న మాటకు అసలైన అర్థం ఇక్కడ ఉంది: ఎవరు తీర్చగలరో పదిమందికీ తెలుసు, ఎవరికి కష్టం వచ్చిందో కూడా తెలుసు.

బయటి డబ్బు వచ్చినప్పుడల్లా

తెలుగు నేల మీద చిన్న అప్పుల్లోకి బయటి పెట్టుబడి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఏమైందో చూడకుండా మూడోదాన్ని తూచలేం.

మొదటిది సూక్ష్మరుణ సంస్థలు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని శాఖలు మూయించడంతో తొలి హెచ్చరిక వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విదేశీ వెంచర్ పెట్టుబడి అండతో పెరిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో, షేరు 985 రూపాయలకు, స్టాక్ మార్కెట్‌కెక్కింది. రెండు నెలలు తిరక్కుండానే, వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య, అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం జరిగే వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. 2011 జనవరిలో సూక్ష్మరుణ రంగంపై మాలెగాం కమిటీ నివేదిక, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు, ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2023 ఫిబ్రవరిలో. పన్నెండేళ్ళు పట్టిన ఆ జవాబు కోసం ఎదురుచూసే శక్తి సంస్థలకు ఉండొచ్చు. పది లక్షలు పెట్టిన ప్రవాసికి ఉండదు.

రెండోది తక్షణ రుణ యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా కేసులు పెట్టారు. ఫోనులోని నంబర్లన్నిటికీ బెదిరింపు సందేశాలు పంపడం, ఫొటోలు మార్చి పరువు తీయడం, ఆత్మహత్యలు బయటపడ్డాయి. అరెస్టయినవాళ్ళలో చైనా పౌరులూ ఉన్నారు. ఇక్కడ బయటి డబ్బు బాహాటంగా రాలేదు. ఇండియాలోని ఏదో ఒక బ్యాంకేతర ఆర్థిక సంస్థ (ఎన్‌బీఎఫ్‌సీ) లైసెన్సు ముసుగులో తిరిగింది. దీని ఫలితంగా 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు కార్యబృందాన్ని వేసి, 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఈ రెండు సందర్భాల్లోనూ అప్పిచ్చిన డబ్బు ఎవరిదో అప్పు తీసుకున్నవాడికి తెలియదు. తీసుకున్నవాడి పరిస్థితి డబ్బు పెట్టినవాడికి తెలియదు. మధ్యలో ఉన్నవాడికి ఇద్దరి గురించీ తెలుసు, నష్టం మాత్రం అతనిది కాదు. పీటూపీని తూచాల్సిన తక్కెడ ఇదే.

ప్రపంచం చూసిన ఇరవై ఏళ్ళు

2005లో లండన్‌లో మొదలైన జోపా ఈ రంగానికి ఆద్యురాలు. మరుసటి ఏడాది అమెరికాలో ప్రాస్పర్, 2007లో లెండింగ్ క్లబ్ వచ్చాయి. బ్యాంకు తీసుకునే మధ్య లాభాన్ని తీసేసి, అప్పిచ్చేవాడికి ఎక్కువ, తీసుకునేవాడికి తక్కువ అన్నది వాగ్దానం. వీళ్ళు చేరిన చోటు గమనించదగ్గది. లెండింగ్ క్లబ్ 2020 చివర సామాన్య మదుపరులకు తలుపు మూసి బ్యాంకుగా మారింది. జోపా 2021 డిసెంబరులో పీటూపీని ముగించి బ్యాంకుగా మిగిలింది. ఫండింగ్ సర్కిల్ 2022లో చిల్లర మదుపరులకు శాశ్వతంగా స్వస్తి చెప్పింది. 2019లో లెండీ అనే బ్రిటిష్ వేదిక కూలాక అక్కడి నియంత్రణ సంస్థ, కొత్త మదుపరులు తమ పెట్టుబడిలో పది శాతానికి మించి ఇందులో పెట్టకూడదని హద్దు గీసింది.

చైనాలో జరిగింది ఇంకా పెద్దది. ఈజూబావో అన్న ఒక్క వేదిక తొమ్మిది లక్షల మంది దగ్గర 50 బిలియన్ యువాన్లకు పైగా పోగుచేసి, 2016 నాటికి మోసంగా తేలింది. ఒక దశలో దాదాపు ఐదు వేలున్న వేదికల సంఖ్య 2020 నవంబరు మధ్యకు సున్నా అయిందని అక్కడి అధికారులు ప్రకటించారు.

విదేశీ మదుపరి అన్న కోణంలో చూస్తే అసలు ప్రయోగశాల బాల్టిక్ దేశాలు. ఎస్తోనియా బొండోరా, 2015లో లాత్వియాలో మొదలైన మింటోస్ ఇతర దేశాల మదుపరులనే ప్రధానంగా నమ్ముకున్నాయి. ‘తిరిగి కొంటాం’ అన్న హామీ అక్కడ పెద్ద ఆకర్షణ. 2020 మొదట్లో క్వెట్‌జల్, ఎన్వెస్టియో అనే రెండు వేదికలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. కొవిడ్ రాగానే మింటోస్‌లో పలు రుణసంస్థలు చెల్లింపులు ఆపేశాయి. హామీ ఇచ్చిన సంస్థే మునిగినప్పుడు హామీ ఎంతకు చెల్లుతుందో వేరే దేశంలో కూర్చున్నవాళ్ళకు అప్పుడు అర్థమైంది. ఐరోపా సమాఖ్య 2021 నవంబరు నుంచి ఉమ్మడి నిబంధనలు అమలు చేసింది. మింటోస్ లైసెన్సు తీసుకుని, అప్పుల్ని నియంత్రిత సెక్యూరిటీలుగా మార్చి అమ్ముతోంది. సరిహద్దు దాటిన పీటూపీ బతికి బట్టకట్టింది అక్కడే. అదీ లైసెన్సులూ సెక్యూరిటీల చట్టమూ కిందికి చేరాకే.

మన నిబంధనలు ఏమంటాయి

ఇండియాలో 2016 ఏప్రిల్‌లో చర్చాపత్రం, 2017 సెప్టెంబరులో గెజెట్ నోటిఫికేషన్, అదే ఏడాది అక్టోబరు 4న రిజర్వు బ్యాంకు ఆదేశాలు వచ్చాయి. వేదిక అంటే కంపెనీగా నమోదై, కనీసం రెండు కోట్ల సొంత నిధి ఉండి, ఎన్‌బీఎఫ్‌సీ-పీటూపీ ధ్రువపత్రం పొందినదే. అది సొంతంగా అప్పివ్వకూడదు, డిపాజిట్లు తీసుకోకూడదు, హామీ ఇవ్వకూడదు. తాకట్టు అప్పులు ఇప్పించకూడదు, వట్టి సంతకం మీద ఇచ్చే అప్పులే. ఒకరు మరొకరికి 50 వేలకు మించి ఇవ్వలేరు. ఒక మనిషి అన్ని వేదికల్లో కలిపి తీసుకోగల అప్పు పది లక్షలు. గడువు 36 నెలలు మించకూడదు. ఇచ్చేవాళ్ళ హద్దు మొదట పది లక్షలుండగా 2019 డిసెంబరులో 50 లక్షలకు పెంచారు. పది లక్షలు దాటితే 50 లక్షల నికర ఆస్తి ఉన్నట్టు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి.

ఆ ఆదేశాల్లోనే ప్రవాసులను నేరుగా తాకే ఒక షరతు ఉంది: వేదిక మీదుగా అంతర్జాతీయ నిధుల ప్రవాహాన్ని అనుమతించకూడదు. ఇంత చిన్న షరతు చుట్టూనే ఏళ్ళ తరబడి వాదన నడుస్తోంది.

2021 తర్వాత వేదికలు దారి మళ్ళాయి. క్రెడ్ మింట్, భారత్‌పే 12 శాతం క్లబ్ లాంటి పథకాలు పీటూపీని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా కనిపించేలా చేశాయి. ఇంత శాతం వస్తుంది, కావాలంటే వెంటనే వెనక్కి తీసుకోవచ్చు అన్నాయి. కొత్తగా చేరినవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళను పంపించడం అందులో ఇమిడి ఉంది. 2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు దీనికి గట్టిగా అడ్డుకట్ట వేసింది. హామీ రాబడి, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి అన్న ప్రచారం కూడదు. ఒకరి డబ్బుతో మరొకరి స్థానాన్ని నింపకూడదు. డబ్బు మధ్యవర్తి (ఎస్క్రో) ఖాతాలో మరుసటి రోజుకు మించి ఉండకూడదు. ఎగవేతల వల్ల మదుపరులకు వచ్చిన నష్టాన్ని బయటపెట్టాలి. నష్టం మొత్తం అప్పిచ్చినవాడిదేనని స్పష్టంగా చెప్పాలి. ఈ వేదికలు చేస్తున్నది ఏమిటో వాటి ప్రకటనల కంటే ఈ సర్క్యులరే నిక్కచ్చిగా చెప్పింది.

విదేశీ మదుపరి అంటే ముగ్గురు

చాలా వ్యాసాలు ‘విదేశీ మదుపరి’ని ఒకే మనిషిగా చూస్తాయి. నిజానికి ముగ్గురున్నారు. భారత పాస్‌పోర్టుతో గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న ఎన్ఆర్ఐ ఒకరు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకుని ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డున్నవాళ్ళు మరొకరు. మనతో ఏ సంబంధమూ లేని పరాయి దేశస్థుడు మూడోవాడు.

మూడోవాడి విషయంలో తగాదా లేదు. ఇక్కడి పీటూపీ వేదికలో అతనికి చోటు లేదు. రుణసంస్థల బాండ్లు, విదేశీ వాణిజ్య రుణాల వంటి దారులే ఉన్నాయి. మొదటి ఇద్దరి సంగతే వివాదం.

ఫెమా కింద 2000లో వచ్చిన రూపాయి రుణాల నియమాల్లో, దేశంలోని వ్యక్తికి ఎన్ఆర్ఐ రూపాయల్లో అప్పివ్వడానికి దారి ఉండేది: వెనక్కి తీసుకెళ్ళని షరతు మీద, మూడేళ్ళ లోపు గడువుకు, బ్యాంకు రేటు మీద రెండు శాతం మించని వడ్డీకి. 2018 డిసెంబరులో వాటి స్థానంలో కొత్త నియమావళి వచ్చింది. రెండింటిలోనూ కొనసాగిన అంశం, అప్పు తెచ్చిన డబ్బును వేటికి వాడకూడదో చెప్పే జాబితా. చిట్టీల వ్యాపారం, స్థిరాస్తి వ్యాపారంతో పాటు వ్యవసాయ, తోటల పనులూ అందులో ఉన్నాయి.

ఈ జాబితాను విడవలూరు పక్కన పెట్టి చదవండి. ఊరి నుంచి వెళ్ళిన మనిషి తన ఊరి వరి రైతుకు సాగు కోసం ఇలా అప్పివ్వడానికి నిబంధన అడ్డు. పట్నంలో ఎవరో క్రెడిట్ కార్డు బాకీ తీర్చుకోవడానికి ఇస్తే ఆ అడ్డు లేదు. విదేశీ డబ్బు భూముల్లోకి చొరబడకుండా పెట్టిన జాగ్రత్త ఇది, దాని వెనక సదుద్దేశం ఉంది. కానీ ఫలితం తలకిందులుగా ఉందని చెప్పక తప్పదు. అందుకే ఊళ్ళలో జరిగేది వేరు. ప్రవాసి డబ్బు ఇంటికి పంపుతాడు, ఇంట్లో పెద్దాయన తన పేరిట నోటు రాయించుకుంటాడు. తండ్రికి పంపింది తండ్రి సొమ్మే అవుతుంది కనుక ఫెమా చిక్కు ఉండదు. బాకీ పడినా నోటు, కోర్టు, పంచాయితీ అన్నీ ఆయన భుజాల మీదే.

మూడు వాదాలు

మొదటిది తలుపు తెరవాలన్న వాదం. ప్రవాసులకు ఇక్కడి ఆదాయం జమయ్యే ఎన్ఆర్ఓ ఖాతాలోని డబ్బు అప్పటికే దేశంలో ఉంది: పొలం కౌలు, ఇంటి అద్దె, అమ్మిన స్థలం డబ్బు. అది వేదిక మీదికి వెళ్తే సరిహద్దు దాటినట్టు కాదు కాబట్టి, అంతర్జాతీయ ప్రవాహం వద్దన్న షరతు దానికి వర్తించదు అంటారు వీళ్ళు. కొన్ని వేదికలు ఈ అర్థంతోనే ఎన్ఆర్ఓ ఖాతాదారులను చేర్చుకున్నాయి. వాళ్ళు చూపే పోలికలో బలం ఉంది: 2015 జూన్‌లో రిజర్వు బ్యాంకు, వెనక్కి తీసుకెళ్ళని షరతు మీద ఎన్ఆర్ఐలు చిట్టీలు కట్టడానికి అనుమతించింది. కేరళ ప్రభుత్వ సంస్థ కేఎస్ఎఫ్ఈ 2018లో ప్రవాసి చిట్టీ పెట్టి దాన్ని వాడుకుంది. చిట్టీకి లేని అభ్యంతరం పీటూపీకి ఎందుకు?

రెండోది అడ్డుకట్ట వాదం. చిట్టీలకు విడిగా అనుమతి ఇచ్చారంటేనే, అనుమతి లేనిది చెయ్యకూడదని అర్థం అంటుంది ఇది. ఫెమా తీరే అంత. పైగా ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకునే వీలుంది కాబట్టి, ఈ అప్పుల వసూళ్ళు చివరికి సరిహద్దు దాటేవే. యాప్‌ల కేసులు చూసిన తెలుగు రాష్ట్రాల్లో అప్పిచ్చేవాడు ఎవరో తెలియని వ్యవస్థను పెంచకూడదన్న ఆందోళనా ఈ వాదంలో ఉంది.

మూడోది, ఎక్కువ ప్రచారం లేనిది, సంఘం వాదం. ప్రవాసి మదుపరి కానక్కర్లేదు, తోడ్పడేవాడైతే చాలు అంటుంది. 2005లో మొదలైన కీవా ప్రపంచంలో ఎవరైనా వడ్డీ లేకుండా అప్పివ్వగలిగే పద్ధతి తెచ్చింది. 2008లో మొదలైన రంగ్‌దే తక్కువ వడ్డీకి పల్లె రుణాలు ఇప్పించి, 2017 ఆదేశాల తర్వాత పీటూపీ లైసెన్సు కిందికి వచ్చింది. మన పొదుపు సంఘాల వ్యవస్థకు ప్రవాసి డబ్బును కలిపే చట్టబద్ధమైన దారి ఒకటి ఉంటే చాలునన్నది వీళ్ళ కోరిక. ఇది విశాలమైన ఊహ. కానీ రాబడి ఆశించే డబ్బు, దాతృత్వం ఒకే పాత్రలో ఇమడవని కీవా, జోపా రెండు వేరు దారులు పట్టిన తీరే చూపుతుంది.

మూడింటిలో చట్టాన్ని చదివే పద్ధతిలో రెండోది బలమైనదని నా నిర్ణయం. ఆర్థిక తర్కంలో మొదటిది. ఊరి అవసరానికి దగ్గరగా నిలిచేది మూడోది ఒక్కటే.

కాగితం మీద 18, చేతిలో ఎంత?

చట్టం తలుపు తెరిచే ఉందనుకుందాం. అప్పుడైనా లెక్క కుదురుతుందా? ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఒక ఎన్ఆర్ఐ పది లక్షలను, తలా పది వేల చొప్పున, వందమందికి 18 శాతం వడ్డీకి ఏడాదికి ఇచ్చారు. వేదిక రుసుము ఒక శాతం. ఎన్ఆర్ఐ వడ్డీపై మూలంలోనే 30 శాతం పన్ను, సెస్సుతో 31.2.

వందలో ఎనిమిది మంది మొత్తం ఎగ్గొట్టారనుకోండి. మిగిలిన 92 మంది వడ్డీ 1,65,600. పోయిన అసలు 80 వేలు. రుసుము పది వేలు. వడ్డీ మీద పన్ను దాదాపు 51,700. మిగిలింది 24 వేల లోపు, అంటే 2.4 శాతం. పదిమంది ఎగ్గొడితే దాదాపు సున్నా. ఐదుగురైతే 5.8 శాతం. నలుగురైతే 6.9. ఇటీవలి ఏళ్ళలో విదేశీ సంపాదన దాచుకునే బ్యాంకుల ఎన్ఆర్ఈ డిపాజిట్‌పై ఆరు నుంచి ఏడు శాతం వడ్డీ, ఇండియాలో పన్ను లేకుండా, ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమాతో వచ్చింది. నూటికి నలుగురికి మించి ఎగ్గొడితే, పీటూపీలో పడ్డ శ్రమంతా డిపాజిట్ కంటే తక్కువకే.

ఈ లెక్కలో కీలకం పన్ను తీరు. వచ్చిన వడ్డీ అంతా ఆదాయమే. పోయిన అసలును, అప్పులివ్వడమే వృత్తి కానివాళ్ళు, ఆ ఆదాయంలోంచి సాధారణంగా తీసెయ్యలేరు. మొత్తం ఆదాయం తక్కువైతే రిటర్న్ వేసి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ద్వంద్వ పన్ను ఒప్పందం కింద ఇక్కడి పన్ను 15 శాతానికి తగ్గే వీలుంది, కానీ అదే వడ్డీని అక్కడ మళ్ళీ చూపాలి.

ఇక మారకం. 2014 చివర డాలరుకు 63 రూపాయలుంటే 2024 చివరికి 85 దాటింది. ఏడాదికి సుమారు మూడు శాతం చొప్పున రూపాయి తరిగింది. సంపాదనా ఖర్చూ డాలర్లలో ఉన్న మనిషికి పై లెక్కలోని 2.4 శాతం లాభం నష్టంగా మారిపోతుంది.

తేలని ప్రశ్నలు

మొదటిది పన్ను ఎవరు పట్టాలన్నది. ప్రవాసికి వడ్డీ చెల్లించే ప్రతి ఒక్కరూ పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టాలన్నది నియమం. పది వేలు అప్పు తీసుకున్న చిరుద్యోగి తనకు అప్పిచ్చినవాళ్ళలో ఒకరు దుబాయ్‌లో ఉన్నారని తెలుసుకుని, పన్ను పట్టి కట్టాలా? ఆచరణలో ఇది అసాధ్యం. వేదిక ఆ పని చెయ్యాలని నేరుగా చెప్పే నిబంధన ఉంటే తప్ప ఈ చిక్కు తీరదు.

రెండోది రాష్ట్ర వడ్డీ వ్యాపార చట్టాలు. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఎన్‌బీఎఫ్‌సీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022 మేలో, కేరళ, గుజరాత్ చట్టాల సందర్భంలో చెప్పింది. అయితే పీటూపీలో ఎన్‌బీఎఫ్‌సీ మధ్యవర్తి మాత్రమే, అప్పిచ్చేది వ్యక్తి. ఆ తీర్పు నీడ ఆ వ్యక్తి మీద పడుతుందా? 2010ని చూసిన తెలుగు రాష్ట్రాల్లో ఇది పుస్తకాల ప్రశ్న కాదు.

మూడోది వసూలు. విడవలూరులో నోటు రాయించుకున్నవాడికి నెల్లూరు కోర్టు దగ్గరే ఉంది. వేదిక మీద ఒక్కొక్కరికి పది వేలు ఇచ్చిన ప్రవాసికి వందమంది, పది రాష్ట్రాల్లో. ఒక్కొక్క బాకీ మీద దావా వెయ్యడం అసలు కంటే ఖరీదు. వేదిక తరఫు మనుషులు చేసే వసూలు తీరుకు నైతిక బాధ్యత అప్పిచ్చినవాడిది కూడా. దూరాన ఉన్నంత మాత్రాన అది తీరదు.

నాలుగోది అసలైనది: ఈ డబ్బు ఎక్కడికి చేరుతోంది? వేదికలు నెలవారీ కిస్తులు అడుగుతాయి. రొయ్య పట్టుబడికి సుమారు నాలుగు నెలలు పడుతుంది, వరికీ అంతే. అప్పటిదాకా రైతు చేతిలో రూపాయి ఆడదు. కౌలు రైతుకు చూపించడానికి జీతం చీటీ ఉండదు, పట్టా ఉండదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు తెచ్చుకున్నా, యాప్‌కు అది అర్థం కాదు. అందుకే పీటూపీ అప్పు పట్నంలోని జీతగాళ్ళ చుట్టూ తిరుగుతుంది, విడవలూరు రైతు మళ్ళీ మేత డీలర్ దగ్గరికే వెళ్తాడు. రెండు రూపాయల వడ్డీని తగ్గించేందుకు వచ్చిందని చెప్పుకునే వ్యవస్థ, ఆ వడ్డీ ఉన్న చోటికి రాలేదు.

వేదిక అన్న పేరు వాడుకునే మోసాలు వీటికి అదనం. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టిన ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పీటూపీ లైసెన్సున్నది కాదు. కానీ యాప్, తక్కువ గడువు, ఎక్కువ రాబడి అన్న ముస్తాబు అదే. దాదాపు ఏడు వేల మందికి సుమారు 850 కోట్లు రావాల్సి ఉందని పోలీసులు చెప్పారు. సామాన్యుడికి లైసెన్సున్న వేదికకూ లేనిదానికీ తేడా తెరమీద కనబడదు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లోని జాబితాలో పేరు వెతికితేనే కనబడుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది

రిజర్వు బ్యాంకు ఒక్క సర్క్యులర్‌తో సగం చిక్కు విప్పగలదు. ఎన్ఆర్ఓ డబ్బు పీటూపీలోకి రావచ్చా లేదా, వస్తే పన్ను ఎవరు పట్టాలి, వసూళ్ళు బయటికి వెళ్ళవచ్చా అన్న మూడు మాటలు తేల్చాలి. చిట్టీల విషయంలో 2015లో చెప్పగలిగినప్పుడు దీనికీ చెప్పగలదు. తీర ప్రాంతపు కౌలు రైతుకూ రొయ్య రైతుకూ ప్రవాసి డబ్బు చేరే దారి, పంట చేతికొచ్చాక కట్టే గడువుతో, స్త్రీనిధి లాంటి సహకార సంస్థల ద్వారా తెరవాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి. వ్యవసాయానికి అడ్డంగా ఉన్న ఫెమా జాబితాను అందుకు తగ్గట్టు సడలించాలి.

అంతదాకా విదేశంలో ఉన్న పాఠకులకు ఒక మాట. ఎన్ఆర్ఈ ఖాతాలోని డబ్బును ఈ వేదికల వైపు కదిలించకండి. ఎన్ఆర్ఓలో పోయినా ఇల్లు కదలని మొత్తం ఉంటే, మీ ఆడిటర్ రాతపూర్వకంగా సరేనన్నాక, వేదిక పేరు రిజర్వు బ్యాంకు జాబితాలో చూసుకుని, అది ప్రకటించిన ఎగవేతల శాతాన్ని పైన వేసిన లెక్కలో పెట్టి చూడండి. నూటికి నాలుగు దాటితే ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.